ఎండను కొలిచే చదువు

ఆదివారం వస్తే వికారాబాద్ కొండలకు షికారు వెళ్లేవాళ్లు చాలామంది. తాండూరు పేరు వినగానే నాపరాయీ, కందిపప్పూ గుర్తొచ్చేవాళ్లు ఇంకా ఎక్కువమంది. కానీ నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు ఊళ్ల మధ్య ఓ పెద్ద చదువుకు సరిపడా ప్రశ్నలు పరుచుకుని ఉన్నాయి. ఇంట్లోకీ, బడిలోకీ, ఆస్పత్రిలోకీ వచ్చే వెలుతురు మనిషిని ఏం చేస్తుంది? దాన్ని తేల్చడానికి ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీలు చేయిస్తున్నాయి. ఆ పాఠాలు మొదలుపెట్టడానికి మన పక్కనున్న కొండ చాలు!

సికింద్రాబాద్ నుంచి వాడి వైపు వెళ్లే రైలుమార్గం 1874 నాటిది. నిజాం సంస్థానం సొంతంగా వేయించుకున్న తొలి పట్టాలవి. లింగంపల్లి దాటి, శంకర్‌పల్లి దాటి రైలు ముందుకు వెళ్తుంటే కిటికీ బయట నేల రంగు మారుతుంది. నల్లరేగడి వెనక్కిపోయి అక్కడక్కడా ఎర్రమట్టి కనిపిస్తుంది. వికారాబాద్ జంక్షన్ వచ్చిందన్నమాట. బీదర్ మీదుగా పర్లి వెళ్లే పట్టాలు ఇక్కడే విడిపోతాయి.

ఊరికి ఆ పేరు పైగా వంశీకుడు వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన నవాబు ఆయనే. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం అని అర్థం. ఆకాశాన్ని అద్దంలో చూపించాలనుకున్న మనిషి పేరు పెట్టుకున్న ఊళ్లో వెలుతురు గురించి మాట్లాడుకోవడం సబబే కదా!

ఊరికి అయిదారు కిలోమీటర్ల దూరంలో అనంతగిరి కొండలు. మూసీ నది పుట్టింది ఇక్కడే. అనంతపద్మనాభస్వామి గుడి ఉన్నదీ ఇక్కడే. ఎర్రటి జేగురు రాతి కొండలు, వాటి మీద దట్టమైన అడవి. వానాకాలంలో వచ్చేవాళ్లు మంచు చూసి మురిసిపోతారు. పెద్దవాళ్లకు మాత్రం అనంతగిరి అనగానే మరొకటి గుర్తొస్తుంది. అదే క్షయ ఆస్పత్రి.

కొండ మీద వైద్యం

అనంతగిరి గాలి లక్షలమంది రోగులకు మందు అని ఈ ప్రాంతంలో ఓ నానుడి ఉంది. అది ఊరికే పుట్టిన మాట కాదు. క్షయకు మందులు లేని రోజుల్లో డాక్టర్ల చేతిలో ఉన్నవి మూడే... మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. వాటికి తోడు ఎండ. అందుకే ఊరికి దూరంగా, ఎత్తైన చోట, చెట్ల మధ్య శానటోరియాలు కట్టేవారు. నిజాం కాలంలో అనంతగిరి మీద వెలసిన శానటోరియం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానటోరియం కూడా అలాంటిదే. మదనపల్లె ఇప్పుడు వేరే జిల్లాలోకి వెళ్లినా ఆరోగ్యవరం అన్న పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఎండ మీద ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. క్షయ క్రిమిని 1882లో కనిపెట్టిన రాబర్ట్ కాక్ ఆ క్రిమి ఎండకు చస్తుందని కూడా గమనించాడు. చర్మానికి వచ్చే ఒక రకం క్షయను కాంతితో నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందే ఫ్లోరెన్స్ నైటింగేల్ రోగికి స్వచ్ఛమైన గాలి తర్వాత అంత అవసరమైనది వెలుతురేనని రాసింది. ఫిన్లాండ్‌లో ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు 1933లో పూర్తి చేసిన పైమియో శానటోరియంలో మరో అడుగు ముందుకేశాడు. రోగి రోజంతా పడుకునే ఉంటాడు. అతను చూసేది గోడను కాదు, పైకప్పును. కాబట్టి పైకప్పుకు కళ్లకు హాయినిచ్చే రంగు వేయించాడు. దీపం కాంతి సూటిగా రోగి కళ్లలో పడకుండా అమర్చాడు.

ఇల్లు కట్టేటప్పుడు నిలబడి తిరిగేవాళ్ల కోసమే ఆలోచిస్తాం. మంచం పట్టిన మనిషి కళ్లతో ఇంటిని చూడటం ఎవరికి తోస్తుంది? వెలుతురు చదువులో మొదటి పాఠం అదే.

మద్రాసు చెప్పిన తీర్పు

అయితే కథ ఇక్కడితో ఆగిపోలేదు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. ఆ తర్వాత మరికొన్ని మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి ఓ కేంద్రాన్ని పెట్టాయి. అక్కడ వేసుకున్న ప్రశ్న చాలా సూటిది. అసలు క్షయరోగి శానటోరియానికి వెళ్లాలా? ఇంట్లోనే ఉండి మందులు మింగితే చాలదా?

193 మంది రోగులను రెండు జట్లుగా విడదీశారు. ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలో చీటీ తీసినట్టుగా నిర్ణయించారు. ఒక జట్టు శానటోరియంలో ఉంది. రెండో జట్టు మద్రాసులోని ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో, అదే గాలీ అదే చీకటిలో ఉంది. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే. 1959లో ఫలితాలు ప్రకటించారు. రెండు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి! ఇంట్లో ఉన్నవారి వల్ల కుటుంబానికి అదనపు ముప్పు వచ్చిన దాఖలా కూడా కనిపించలేదు.

ఆ ఒక్క పరిశోధన ప్రపంచమంతటా క్షయ వైద్యం దారి మార్చింది. పేదరోగి ఇల్లూ, పనీ, పిల్లల్నీ వదిలి నెలల తరబడి కొండ మీద ఉండాల్సిన అగత్యం తప్పింది. శానటోరియాల రోజులు వెళ్లిపోయాయి.

దీన్నిబట్టి ఎండా గాలీ పనికిరానివని తేలిందా? అదేం కాదు. క్షయను తగ్గించింది మందు అని మాత్రమే తేలింది. వెలుతురు మంచిదన్న నమ్మకం వేరు... ఎంత వెలుతురు, ఏ వేళప్పుడు, ఎవరికి, ఏ విధంగా మంచిదో లెక్కకట్టి చెప్పడం వేరు. అనంతగిరి నమ్మకానికి గుర్తు. మద్రాసు కొలతకు గుర్తు. వెలుతురు మీద ఇవాళ జరుగుతున్న పరిశోధనంతా ఈ రెండింటి మధ్య ఉన్న దారిలోనే నడుస్తోంది.

కిటికీయా? చెట్టా?

అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రి ఒకదానిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులను రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు తిరగేశాడు. సగంమంది గదుల కిటికీల్లోంచి చెట్లు కనిపించేవి. మిగతా సగానికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవాళ్లు కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు. ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. 1984లో అచ్చయిన ఈ చిన్న వ్యాసం ఆస్పత్రులు కట్టే తీరును మార్చేసింది.

గమనించండి. రెండు రకాల గదుల్లోనూ కిటికీ ఉంది. తేడా కిటికీ లోంచి కనిపించే దృశ్యంలో ఉంది. మరి ఎండ సంగతేమిటి? 2005లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు వెన్నెముక ఆపరేషన్ అయిన 89 మందిని చూశారు. ఎండ బాగా పడే వైపు గదుల్లో ఉన్నవారు నొప్పి మందులు గంటకు 22 శాతం తక్కువ తీసుకున్నారు. ఇలా ఒక్కో ముడినీ విప్పుకుంటూ పోవడమే ఈ రంగంలో పీహెచ్‌డీ అంటే.

వెలుతురు చూపు కోసమే అనుకుంటాం. కానీ మన కంటిలో చూపుతో సంబంధం లేని పని చేసే కణాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బెర్సన్ బృందం 2002లో వీటి సంగతి బయటపెట్టింది. నీలిరంగు కలిసిన వెలుతురు పడితే ఈ కణాలు మెదడులోని గడియారానికి 'తెల్లారింది' అని కబురు చేస్తాయి. ఎప్పుడు నిద్ర రావాలో, ఎప్పుడు మెలకువ రావాలో, ఒళ్లు ఎప్పుడు వేడెక్కాలో ఎప్పుడు చల్లబడాలో ఆ గడియారమే చూసుకుంటుంది. దాని లోపలి మరలు ఎలా తిరుగుతాయో చెప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ వచ్చింది.

ఈ గడియారం మనుషులకే కాదు, మొక్కలకూ ఉంది. అత్తిపత్తి మొక్కను చీకటి గదిలో పెట్టినా పగటివేళకు ఆకులు విప్పుతుందని ఫ్రాన్స్‌లో డీ మైరాన్ అనే ఆయన 1729లోనే గమనించాడు. అంతదూరం ఎందుకు? తాండూరు కంది చేలు చూడండి. కంది పగలు కురచయ్యే కాలంలో పూతకొచ్చే పంట. పగలెంత, రాత్రెంత అని అది లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న తాండూరు కందికి వెలుతురు లెక్క తెలుసు. ఆ కందిపప్పు తినే మనమే ఆ లెక్క మరిచిపోయి అర్ధరాత్రి దాకా ట్యూబులైటు కింద కూర్చుంటున్నాం!

మరి ఎంత వెలుతురు ఉంటే మంచిది? 2022లో పలు దేశాల నిపుణులు కలిసి ఓ సిఫారసు చేశారు. శరీర గడియారం మీద వెలుతురు ప్రభావాన్ని కొలిచే 'మెలనోపిక్' లెక్కలో పగలంతా కంటి దగ్గర కనీసం 250 లక్స్ ఉండాలి. పడుకోవడానికి మూడు గంటల ముందు నుంచి 10కి మించకూడదు. నిద్రపోయేచోట 1కి మించకూడదు. అంటే పగలు బాగా వెలుగు, రాత్రి బాగా చీకటి. మన తాతల ఇళ్లలో కరెంటు లేకుండానే జరిగిపోయిన ఏర్పాటు ఇది.

తాండూరు బండల మీద

వికారాబాద్ నుంచి ధారూరు మీదుగా తాండూరు చేరేసరికి నేల మళ్లీ మారిపోతుంది. ఇక్కడ భూమిని తవ్వితే పలకలు పలకలుగా రాయి వస్తుంది. నీలం ఛాయ ఒకటి, పసుపు ఛాయ ఒకటి. సున్నపురాయి జాతికి చెందిన ఈ నాపరాయి ఎన్ని రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ల గచ్చులయిందో లెక్కలేదు. ఊరి చుట్టూ గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న ఊరు కావడంతో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఇక్కడి బజారులో వినిపిస్తాయి. 2016 నుంచి ఇది వికారాబాద్ జిల్లా.

మిట్టమధ్యాహ్నం బండల గని దగ్గర నిలబడితే వెలుతురంటే ఏమిటో తెలుస్తుంది. నెత్తి మీద ఎండ, కాళ్ల కింద రాతి మీంచి తిరిగి కొట్టే ఎండ. ఒక చదరపు మీటరు మీద ఎంత వెలుతురు పడుతోందో చెప్పే కొలత లక్స్. నిండు ఎండలో అది లక్ష దాకా ఉంటుంది. అక్కడి నుంచి రేకుల షెడ్డులోకో, చిన్న కిటికీ ఉన్న ఇంట్లోకో వస్తే కొన్ని పదులకు పడిపోవచ్చు. గడప ఒక్కటి దాటితే వెలుతురు వెయ్యోవంతు! బయటి నుంచి లోపలికి రాగానే కళ్లు బైర్లు కమ్మడానికి కారణం ఇదే. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. మెషీన్ల మధ్య పనిచేసేవారికి ఆ మొదటి నిమిషాలే ప్రమాదం.

ఇంటి పెద్దల సంగతి వేరే చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పచ్చబడుతుంది, కనుపాప కుంచించుకుపోతుంది. ఇరవయ్యేళ్ల కుర్రాడి కంటి లోపలికి చేరే వెలుతురులో అరవయ్యేళ్ల మనిషికి చేరేది సుమారు మూడోవంతే. మనవడికి చాలిన దీపం తాతకు చాలదు. 'దీపం ఉందిగా, కనపడదా' అని విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక గచ్చు. తెల్ల సున్నం వేసిన గోడ మీద పడిన వెలుతురులో ముప్పాతిక వంతు దాకా తిరిగి గదిలోకి వస్తుంది. ముదురు రంగు బండ మీద పడితే అయిదోవంతు కూడా రాకపోవచ్చు. కాబట్టి నీలం నాపరాయి పరిచిన ఇల్లు చల్లగానూ ఉంటుంది, కాస్త చీకటిగానూ ఉంటుంది. అదే బండకు అద్దంలా పాలిష్ పెడితే కిటికీ ప్రతిబింబం నేల మీద మెరిసి కళ్లలో గుచ్చుకుంటుంది. పసుపు బండకు లెక్క ఇంకోలా ఉంటుంది. ఏ రాయి, ఏ పాలిష్, ఏ కిటికీ కలిస్తే ఇంటికి చల్లదనమూ వెలుతురూ రెండూ దక్కుతాయి? రాయి అమ్మేవారికీ, ఇల్లు కట్టేవారికీ, ఆ ఇంట్లో బతికేవారికీ పనికొచ్చే ప్రశ్న ఇది. ఓ పీహెచ్‌డీకి నిండుగా సరిపోతుంది.

మన ఎండకు మన లెక్క

'అన్నీ విదేశాల్లో చేసేశారుగా, మళ్లీ మనం చేయడమెందుకు?' అనే సందేహం ఎవరికైనా వస్తుంది. సమాధానం ఆకాశంలోనే ఉంది.

యూరప్‌లో వెలుతురు లెక్కలన్నీ మబ్బు పట్టిన ఆకాశాన్ని దృష్టిలో పెట్టుకుని మొదలయ్యాయి. అక్కడి బాధ వెలుతురు చాలకపోవడం. ఎండ వస్తే పండగ. ఇక్కడ వెలుతురుతో పాటే వేడీ వస్తుంది. కిటికీ పెద్దది పెడితే గది కొలిమి అవుతుంది. చిన్నది పెడితే చీకటి కొట్టు అవుతుంది. అందుకే మన ప్రమాణాలు తయారు చేసినవారు నిర్మలాకాశాన్ని ఆధారంగా తీసుకుని, బయట 8000 లక్స్ ఉంటుందన్న లెక్కతో సూత్రాలు రాశారు.

మరో విచిత్రం చూడండి. ఉత్తరం వైపు కిటికీలోంచి ఎండ రాదు, చల్లని వెలుతురే వస్తుందని ఆర్కిటెక్చర్ పుస్తకాలు చెబుతాయి. లండన్‌లో నడిమధ్యాహ్నం అది ఎప్పుడూ నిజమే. వికారాబాద్, తాండూరు ఉన్నది భూమధ్యరేఖకు 17 డిగ్రీల చిల్లర ఉత్తరాన. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ రెండు రోజుల మధ్య దాదాపు మూడు నెలలు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరం వైపునే ఉంటాడు! లండన్ లెక్క ఇక్కడ పనిచేయదు. ఇక్కడి సజ్జ ఎంత ఉండాలో, కిటికీ ఎటు ఉండాలో ఇక్కడి ఎండే చెప్పాలి.

మరి ఏయే ప్రశ్నలు పట్టుకోవచ్చు? బడి పిల్లల కళ్లు ఒకటి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచి మూడేళ్లు గమనించారు. హ్రస్వదృష్టి వచ్చినవారు వాళ్లలో 30.4 శాతం. మామూలుగా చదువుకున్న పిల్లల్లో 39.5 శాతం. 2015లో వచ్చిన ఫలితమిది. ఆరుబయటే కాకుండా తరగతి గదిలోనూ పగటి వెలుతురు పెంచితే ఎంత లాభం? మన ఎండల్లో పిల్లలను ఏ వేళప్పుడు బయటికి పంపాలి?

రాత్రి షిఫ్టు కార్మికులది ఇంకో ప్రశ్న. రాత్రి పని క్యాన్సర్‌కు కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది. 2019లో మరోసారి ఆ మాటే ఖాయం చేసింది. ఫ్యాక్టరీలున్న తాండూరు లాంటి ఊళ్లలో రాత్రి పనిచేసి పగలు పడుకునేవారి గదుల్లో ఎంత చీకటి ఉంటోంది? ఆస్పత్రి వార్డులు మరో ప్రశ్న. నడిరాత్రి కూడా ట్యూబులైటు వెలిగే వార్డులో రోగికి నిద్ర ఎలా పడుతుంది? నర్సుకు మాత్రం వెలుతురు కావాలి కదా, రెండూ ఎలా కుదురుతాయి?

ఎక్కడ చదవాలి?

ఈ చదువు ఆర్కిటెక్టులకే అనుకోవడం పొరపాటు. ఎలక్ట్రికల్ ఇంజినీర్లు, భౌతికశాస్త్రం చదివినవారు, మనస్తత్వశాస్త్రం చదివినవారు, కంటి పరీక్షల కోర్సు ఆప్టోమెట్రీ చేసినవారు... అందరికీ ఇందులో చోటుంది.

హైదరాబాద్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భవనాల విజ్ఞానం మీద ప్రత్యేకంగా పరిశోధన జరుగుతోంది. కంటి వైపు నుంచి వెళ్లాలనుకుంటే 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. హ్రస్వదృష్టి మీద అక్కడ పరిశోధన సాగుతోంది. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది.

తెలుగు రాష్ట్రాలు దాటితే రూర్కీ, ఖరగ్‌పూర్ ఐఐటీల ఆర్కిటెక్చర్ విభాగాలు, రూర్కీలోనే కేంద్ర భవన పరిశోధన సంస్థ, అహ్మదాబాద్‌లో సెప్ట్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోనైతే దీపాల విజ్ఞానానికంటూ ఓ ప్రత్యేక విభాగమే ఉంది.

విదేశాల్లో లండన్ యూనివర్సిటీ కాలేజీలోని బార్ట్‌లెట్, నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్, స్విట్జర్లాండ్‌లో లోజాన్‌లోని ఈపీఎఫ్ఎల్, డెన్మార్క్‌లో ఆల్‌బోర్గ్, స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయాలు ఈ రంగంలో పేరున్నవి. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య సంస్థలో కాంతికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ఓ పరిశోధన కేంద్రం నడుస్తోంది.

ఇంట్లో వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఖర్చెంత అని. జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించినవారికి 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్. ఐఐటీల్లో చాలావరకు గేట్ స్కోరు ద్వారం తెరుస్తుంది. నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో పీహెచ్‌డీ అంటే చాలావరకు ఉద్యోగమే. ప్రకటన వస్తుంది, దరఖాస్తు చేసుకోవాలి, ఎంపికైతే జీతం ఇస్తారు. యూరప్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లకు వయోపరిమితి లేదు. అప్పటికే డాక్టరేట్ ఉండకూడదు. చేరబోయే దేశంలో గత మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదు. అదీ నిబంధన. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు అది అడ్డంకే కాదు.

దిగే ముందు లోతు చూడాలి

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. తోటివాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ ఇళ్లు కొనుక్కుంటున్న వయసులో లక్స్ మీటరు పట్టుకుని ఊళ్లు తిరగాలి. కాబట్టి విశ్వవిద్యాలయం పేరు చూసి మురిసిపోవడం చాలదు. గైడు ఇంతకు ముందు వెలుతురు మీద ఏం రాశారో చదవాలి. ఆయన దగ్గర డాక్టరేట్ పూర్తి చేసినవారు ఎన్నేళ్లలో చేశారో, ఇప్పుడెక్కడున్నారో కనుక్కోవాలి. కొలిచే పరికరాలు ల్యాబులో ఉన్నాయో లేదో, ఫెలోషిప్ ఎన్నేళ్లు వస్తుందో ముందే అడగాలి. అడగడానికి మొహమాటపడితే నష్టపోయేది మనమే.

మనుషుల మీద చేసే పరిశోధన కాబట్టి నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. రోగులనో, బడి పిల్లలనో గమనించాలంటే వాళ్లూ, వాళ్ల పెద్దలూ ఒప్పుకోవాలి. ఇందుకే నెలలు పడుతుంది. ఆ నెలలను కూడా లెక్కలో వేసుకోవాలి.

అప్లికేషన్ పెట్టడానికి ముందే చేయగలిగిన పనీ ఒకటుంది. మామూలు లక్స్ మీటరు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. గదిలోకి ఏ గంటకు ఎంత వెలుతురు వస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే రేడియన్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో పుట్టింది అది. ఓ పాత మిద్దె ఇంట్లో, ఓ కొత్త స్లాబు ఇంట్లో, ఓ బడిలో ఏడాది పాటు నెలకోసారి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెలుతురు కొలిచి పుస్తకంలో రాసుకుంటే చాలు. ఇంటర్వ్యూలో 'మీకీ ఆసక్తి ఎందుకు కలిగింది' అని అడిగినప్పుడు చూపించడానికి అంతకు మించిన జవాబుండదు.

ఆలస్యం చేయకూడని కారణం ఇంకొకటి ఉంది. నడుమ ఆకాశం కనిపించే భవంతి ఇళ్లూ, అద్దం పెంకులోంచి ఎండ కిరణం జారే గూనపెంకుటిళ్లూ, మట్టి మిద్దెలూ ఏటికేడాది తగ్గిపోతున్నాయి. వాటి స్థానంలో వరసగా ఒకేలాంటి స్లాబు ఇళ్లు వస్తున్నాయి. పాత ఇంట్లో వెలుతురు ఏ దారిన వచ్చేదో, ఎక్కడ మంచం వేసుకునేవారో, ఎక్కడ కూర్చుని బియ్యం ఏరేవారో తెలిసిన అవ్వలు ఇంకా ఉన్నారు. ఇల్లు పడిపోయాక ఆ వెలుతురును ఏ మీటరూ కొలవలేదు. పాత ఇళ్లన్నీ మంచివని కాదు. వాటిలో చీకటి మూలలూ ఉన్నాయి, పొగ నిండిన వంటగదులూ ఉన్నాయి. ఏది నిలుపుకోవాలో, ఏది వదులుకోవాలో తెలియాలంటే ముందు కొలవాలి.

ఈసారి అనంతగిరికి షికారు వెళ్లినప్పుడు పిల్లలతో ఓ చిన్న పని చేయించండి. గుడి మండపంలో, చెట్టు నీడలో, కొండ అంచున నిలబడి ఏది ఎంత వెలుతురుగా ఉందో ముందు ఊహించి చెప్పమనండి. తర్వాత మీటరుతో చూడమనండి. ఊహకూ కొలతకూ ఎంత తేడా ఉందో చూసి 'ఎందుకలా?' అని అడిగిన పిల్లో పిల్లాడో ఉంటే, ఆ ప్రశ్నకు అక్కడే జవాబు చెప్పేయకండి. ఇంటికి తీసుకెళ్లనివ్వండి.